నిషిద్ధపాఠములు – ఉపాధ్యాయధర్మము



మన వార్షికమహాసభా సంచికయందు వంశవృత్తాంతములును, దాతల జీవితములును, సంఘకార్యముల నివేదికలును వెలువడుచుండుట వాడుక. ఈ పర్యాయము విద్యావిషయకమగు చరిత్రవ్యాస మొకటి వ్రాయుమని కార్యనిర్వాహకవర్గమువారు నన్ను గోరిరి. ముప్పదియేండ్లకు పైగా చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతముల పాఠశాలలలో తెలుగును, సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను గాన, నా మనస్సున చిరకాలముగా మెదలుచున్న విషయము నొకదానిని మీ యెదుట నుంచుచున్నాను.

పాఠశాలలో ఏది చెప్పవలెనో నిర్ణయించుటకు పెద్దలు కొందఱే యుందురు. ఏది చెప్పరాదో శాసించుటకు ముందుకు వచ్చువారు మాత్రము పెక్కుమంది. “ఈ పాఠము చెప్పవలదు, ఈ పుస్తకము చదివింపవలదు, ఈ పాట పాడింపవలదు” అని యెవరైన శాసించునప్పుడు ఉపాధ్యాయు డేమి చేయవలెను? ఆయన వెనుక నిలువవలసిన సంఘ మేమి చేయవలెను? ఈ రెండు ప్రశ్నలకును మన దేశచరిత్రయందే సమాధానము దొరకునని నా విశ్వాసము.

సమస్య క్రొత్తది కాదు. భాగవత సప్తమస్కంధమందలి ప్రహ్లాదచరిత్రమును మనము భక్తికథగా వినుచున్నాము. ఉపాధ్యాయుని కంటితో జూచిన నది పాఠశాలకథ కూడ నగును. హిరణ్యకశిపుడు శుక్రాచార్యుని కుమారులగు చండామర్కులకు తన కొడుకు నప్పగించి, రాజనీతి మున్నగునవి నేర్పుడనియు, విష్ణుకథ యాతని చెవిని బడనీయవలదనియు ఆజ్ఞాపించెను. గురువులు రాజునకు వెఱచి బాలుని బెదరించిరి. కాని వారు ఇంటిపనులమీద నవలికి బోయిన సమయమున ప్రహ్లాదుడు తోడి దైత్యబాలురను చుట్టును గూర్చుండబెట్టుకొని తానే బోధించెను. నిషేధము పాఠమును చంపజాలదయ్యెను. గురువుల గౌరవమును మాత్రము చంపెను. బాలురకు కావలసిన మాట గురుముఖమున గాక తోడిబాలుని ముఖమున దొరకెను. ఈ కథయందలి చండామర్కుల స్థితి ఏ కాలపు ఉపాధ్యాయునికైనను రావచ్చును.

నా యనుభవమున నిషేధములు మూడు తెఱగులు. మొదటిది రాజనిషేధము, అనగా ప్రభుత్వము చేయునది. రెండవది సంఘనిషేధము, అనగా కులముగాని మతముగాని ఊరిపెద్దలుగాని చేయునది. మూడవది ఆత్మనిషేధము, అనగా ఎవరును వలదనకమునుపే ఉపాధ్యాయుడు భయపడి పాఠమును దాటవేయుట. ఈ మూటిని వరుసగా విచారింతము.

మొదట రాజనిషేధము. మన చేవెళ్ళ, మొయినాబాదు పల్లెలు 1948 సెప్టెంబరు వఱకును నిజామురాష్ట్రములోనివి. 1884 ప్రాంతమున నా రాష్ట్రమున పారసీకమునకు మాఱుగా ఉర్దూ రాజభాష యయ్యెను. 1917 నాటి ఫర్మానా ననుసరించి 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. అందు బోధనాభాష ఉర్దూ. న్యాయముగా నొక మాట చెప్పవలెను. దారుత్తర్జుమా యను అనువాదశాలను నెలకొల్పి, శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి దెచ్చి, భారతీయభాషలో ఉన్నతవిద్య గఱపవచ్చునని లోకమునకు జూపిన కీర్తి ఆ విశ్వవిద్యాలయమునకు గలదు. ఉర్దూ మన పొరుగువారి తీయని భాష. దానిపై మనకు వైరము లేదు. కాని రాష్ట్రజనులలో సగమునకు దగ్గరగా నున్న తెలుగువారికి నది ఇంటిభాష కాదు. తల్లి మాటలాడు భాషయందు ప్రాథమికమును దాటి చదువుట కల్లయై, బాలుడు మొదట భాషతో పోరాడి, పిమ్మట విషయముతో పోరాడవలసి వచ్చెను. భాషను దూరము చేయుట పాఠమును దూరము చేయుటలో నొక మార్గము. పుస్తకమును తగులబెట్టక యే దానిని చదువలేనివారిని తయారుచేయవచ్చును.

దీనికితోడు రెండు నియమములు ప్రజలను మిక్కిలి బాధించెను. ప్రభుత్వానుమతి లేక ఖాన్గీబడులు, అనగా ప్రైవేటు పాఠశాలలు, తెఱువరాదనునది యొకటి. సభలు జరుపుటకు ముందుగా ననుమతి పొందవలెనను గస్తీ నిషాన్ 53 అనునది రెండవది. ఊరి వీధియరుగుపై పదిమంది పిల్లలను గూర్చుండబెట్టి ఓనమాలు దిద్దించు పంతులుగారు సయితము అధికారుల యనుగ్రహమునకై ఎదురుచూడవలసిన రోజు లవి. పేరునకు నియమములు పాఠశాలలను క్రమపఱచుటకు; ఫలితము మాత్రము తెలుగుబడి సన్నగిల్లుట.

ఇట్టి కాలమున మన ప్రాంతము ఊరకుండలేదని చెప్పుకొనుట మనకు గర్వకారణము. నేటి మొయినాబాదు మండలములోని పెద్దమంగళారమున 1890లో జన్మించిన కొండా వెంకటరంగారెడ్డిగారు ఉర్దూ రాజ్యమేలు న్యాయస్థానములలో వకీలుగా పేరుగాంచినవారు. ఆ భాషలో దిట్టయయ్యును వారు తెలుగు కొఱకు నిలిచిరి. నిజామురాష్ట్రాంధ్ర మహాసభకు 1936లో షాదునగరునను, 1943లో హైదరాబాదునను అధ్యక్షత వహించిరి. 1978లో ఏర్పడిన మన జిల్లాకు వారి పేరే పెట్టబడినది. పిల్లలు ప్రతిదినము చిరునామాలో వ్రాయు ఆ పేరు వెనుక ఇట్టి చరిత్ర యున్నదని మనలో నెందఱు వారికి జెప్పుచున్నాము? ఇక్కడ నొక పొరపాటును దీర్చుట మంచిది. 1941లో ఆంధ్రమహాసభ జరిగిన చిలుకూరు నల్లగొండసీమలో హుజూరునగరు చెంత నున్నది. మన బాలాజీస్వామి వెలసిన చిలుకూరు కాదు. ఊరిమీది ప్రేమతో చరిత్రను మన గుమ్మములోనికి లాగికొనరాదు.

నాటి పెద్దలు ఈ నిషేధములకు చెప్పిన బదుళ్ళు మూడు. అవి నేటి ఉపాధ్యాయునకును పాఠములే.

మొదటి బదులు గ్రంథాలయము. 1901 సెప్టెంబరు 1వ తేదీని హైదరాబాదున రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజాగారగు నాయని వేంకటరంగారావుగారు మున్నగువారు దానికి మూలస్తంభములు. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము స్థాపింపబడెను. బడిలో దొరకని తెలుగు చదువు బడిబయట దొరకుటకు వారు త్రోవ వేసిరి. 1906లో హైదరాబాదుననే పుట్టిన విజ్ఞానచంద్రికామండలి చరిత్రమును, శాస్త్రములను తెలుగున వెలువరించెను. ఈ మండలి తొలిగ్రంథము అబ్రహాము లింకను చరిత్రము. దానిని రచించినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు.

ఈ హరిసర్వోత్తమరావుగారి కథ మన విషయమునకు ముఖ్యముగాన, నిజామురాష్ట్రమును క్షణకాలము విడిచి గోదావరీతీరమునకు బోవుదము. 1907లో బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరమున ఉపన్యసించిరి. అప్పుడు హరిసర్వోత్తమరావుగారు అక్కడి ప్రభుత్వ కళాశాలయందు ఉపాధ్యాయశిక్షణ పొందుచుండిరి. వందేమాతరపు ముద్ర ధరించుట వంటి చర్యలకై అధికారులు కినిసి వారిని కళాశాలనుండి వెడలగొట్టిరి. ప్రభుత్వోద్యోగపు ద్వారము మూయబడెను. ఉపాధ్యాయుడు కావలసినవానిని ఉపాధ్యాయుడు గాకుండ చేసితిమని వారు తలచియుందురు. ఆయన 1908లో బెజవాడయందు స్వరాజ్యపత్రికను నడపి, అందలి వ్రాతకై మూడేండ్లు కారాగారమున గడపిరి. తరువాతి జీవితమును గ్రంథాలయోద్యమమునకును, వయోజనవిద్యకును ధారవోసిరి. ఒక తరగతిగదిని పోగొట్టుకొని తెలుగుదేశమునంతయు తరగతిగదిగా జేసికొన్నవా డాయన.

రెండవ బదులు తీర్మానము. 1921లో హైదరాబాదు వివేకవర్ధినీ పాఠశాలావరణమున మహర్షి కర్వేగారి యధ్యక్షతను సంఘసంస్కారసభ జరిగెను. అందు అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబూనగా సభలోని కొందఱు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. అదియే పెరిగి 1930లో జోగిపేటయందు, సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను, ఆంధ్రమహాసభగా సమావేశమయ్యెను. ఖాన్గీబడుల నియమములను రద్దుచేయుడనియు, గస్తీ నిషాన్‌ను తొలగింపుడనియు, మాతృభాషలో విద్య నొసగుడనియు మహాసభవారు మఱల మఱల ప్రభుత్వమును గోరిరి. ఆ కోరికలయందు తిట్లు లేవు, బెదరింపులు లేవు. ఏ నియమము, దానివలన గలిగిన హాని యేమి, మాకు గావలసిన దేమి యని మాత్రమే యుండెను. ఒకసారి పెడచెవిని బెట్టినచో మఱుసటి సభలో నదే కోరిక మఱల వచ్చెను. ఓర్పుతో చేసిన పునరుక్తి యొక బలము. మాడపాటి హనుమంతరావుగారు తరువాత తెలంగాణా ఆంధ్రోద్యమ చరిత్రమును గ్రంథముగా వ్రాసియుంచిరి గనుకనే ఆ శ్రమ నేడు మనకు దెలియుచున్నది. వ్రాసియుంచని యన్యాయమును మనుమల కాలమున ఎవరును నమ్మరు.

మూడవ బదులు ప్రత్యామ్నాయము. 1928లో మాడపాటివారు హైదరాబాదున తెలుగు బోధనాభాషగా బాలికాపాఠశాలను స్థాపించిరి. బోధన ఉర్దూలో లేదు గనుక ఉన్నత తరగతులకు ఉస్మానియా విశ్వవిద్యాలయపు గుర్తింపు లభింపలేదు. గుర్తింపు లేని చదువునకు విలువ యేమి యని తల్లిదండ్రులు సందేహించుట సహజము. అప్పుడు మాడపాటివారు పాఠశాలను మూయలేదు, బోధనాభాషను మార్చనులేదు. 1916లో కర్వేమహాశయుడు నెలకొల్పిన మహిళావిశ్వవిద్యాలయము దేశభాషలలో బోధన నంగీకరించునది. దానితో తమ పాఠశాలకు సంబంధము గల్పించి బాలికలను పరీక్షలకు బంపిరి. ఏ మహర్షి యధ్యక్షత వహించిన సభలో తెలుగునకు గేలి జరిగెనో, ఆ మహర్షి స్థాపించిన విద్యాపీఠమే తెలుగుబాలికలకు పట్టము నిచ్చెను. ఒక ద్వారము మూసినచో మఱియొక ద్వారమును వెదకుట పిఱికితనము కాదు. శిష్యుల మేలుకోరు ఉపాధ్యాయుని నేర్పు.

ఈ సత్యమే 1938లో మఱల ఋజువయ్యెను. ఆ సంవత్సరము నవంబరులో ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహములందు హిందూవిద్యార్థులు తమ ప్రార్థనామందిరమున వందేమాతరము పాడుచుండగా అధికారులు నిషేధించిరి. విద్యార్థులు సమ్మె చేసిరి, పెక్కుమందిని తొలగించిరి. ఏటి నడుమ పడవ తప్పినట్లు వారి చదువు ఆగెను. అప్పుడు నాగపురపు విశ్వవిద్యాలయము, ఉపాధ్యక్షులగు కేదారుగారి యౌదార్యమువలన, వారిలో ననేకులను చేర్చుకొనెను. పిమ్మట భారతప్రధానియైన పి. వి. నరసింహారావుగారు అట్లు నాగపురమున చదువు కొనసాగించినవారిలో నొకరు. తొలగించిన విశ్వవిద్యాలయపు పేరును, చేర్చుకొన్న విశ్వవిద్యాలయపు పేరును రెండును చరిత్రలో నిలిచినవి. ఏది యెట్లు నిలిచినదో చెప్పనక్కఱలేదు.

ఇక రెండవదగు సంఘనిషేధము. ఇది రాజనిషేధముకంటె పురాతనము, గాఢము. రాజు పాఠమును నిషేధించినచో సంఘము పాఠకునే నిషేధించినది. చదువు కొందఱికి తగదని వేలయేండ్లు గడపినవారము మనము. అన్ని కులములవారికిని ఈ పాపమున నెంతో కొంత పాలు గలదు. భాగ్యరెడ్డివర్మగారు 1906లో హైదరాబాదున జగన్మిత్రమండలిని స్థాపించి, 1910 మొదలుకొని ఆదిహిందూ బాలురకు తెలుగున బడులు పెట్టించిరి. బడిలోనికి రానీయని సంఘమును వేడుకొనుచు గూర్చుండక తామే బడి కట్టుకొనుట యది. రాజుచేత నిషేధింపబడిన తెలుగు గూర్చి మనము చెప్పునప్పుడు, మనచేత నిషేధింపబడిన ఈ బాలుర గూర్చియు చెప్పవలెను. లేనిచో అర్ధసత్యము చెప్పినవార మగుదుము.

స్వాతంత్ర్యానంతరము సంఘనిషేధము వేషము మార్చినది. 1985లో కేరళయందు యెహోవాసాక్షుల మతమునకు చెందిన మువ్వురు పిల్లలు జాతీయగీతమునకు లేచి మర్యాదగా నిలుచుచు, తమ మతవిశ్వాసమువలన పాడలేకపోయిరి. దానిని కొందఱు తప్పుగా నెన్నగా, అధికారుల యాజ్ఞపై వారిని బడినుండి తొలగించిరి. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టువారు బిజో ఇమ్మాన్యుయేలు వ్యాజ్యమున ఆ తొలగింపు రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పి పిల్లలను మఱల బడిలో చేర్పించిరి. 1938లో పాడినందుకు తొలగింపు. 1985లో పాడనందుకు తొలగింపు. రెండుచోట్లను బాలుని గొంతుకపై పెద్దలు చేయివేసిరి. మొదటిదానికి కన్నీరు గార్చి రెండవదానికి చప్పట్లు గొట్టువాడు పాటను ప్రేమించువాడే గాని స్వేచ్ఛను ప్రేమించువాడు గాడు.

ఇప్పుడు కులసంఘములమైన మనకు మిక్కిలి దగ్గఱి విషయము చెప్పవలసియున్నది. పూర్వము తిరువాన్కూరురాజ్యమున నాడారు స్త్రీలు పైవస్త్రము ధరించుటను అగ్రకులములవారు అడ్డగించిరి. దశాబ్దముల పోరాటానంతరము 1859లో ప్రభుత్వము వారికి పైవస్త్రము ధరించు హక్కు నంగీకరించెను. ఈ చరిత్రము కేంద్రపాఠ్యక్రమపు తొమ్మిదవతరగతి పుస్తకమున నుండెను. అందు తమ పూర్వులనుగూర్చిన మాటలు అగౌరవకరములని ఆ సముదాయపు సంఘములును, నాయకులును అభ్యంతరము దెలిపిరి. తుదకు 2016లో ఆ భాగమును బోధనలో వదలివేయుడని కేంద్రవిద్యామండలి పాఠశాలలకు దెలిపెను. నొచ్చినవారి బాధను నేను తక్కువ చేయను. వ్రాతలో దోషమున్న దిద్దుమని గోరుట వారి హక్కే. కాని జరిగిన ఫలితమును జూడుడు. ఏ స్త్రీలు అవమానము నెదిరించి గెలిచిరో, వారి గెలుపుకథయే ఆ పుస్తకము చదువు బాలబాలికలకు దూరమయ్యెను. గౌరవము కాపాడబోయి గౌరవకారణమునే పోగొట్టుకొన్నట్లయినది.

2012లోను ఇట్టిదే జరిగినది. రాజ్యాంగరచనలోని ఆలస్యమునుగూర్చి శంకరుగారు 1949లో గీసిన వ్యంగ్యచిత్రము పదునొకండవతరగతి పుస్తకమున నుండెను. దానిపై పార్లమెంటులో కలకలము లేచెను. పుస్తకరచనకు సలహాదారులగు ఇరువురు పండితులు తమ పదవులను విడిచిరి. ఆ చిత్రమును పిల్లలముందు పెట్టి, ఇందలి తప్పొప్పులు చర్చింపుడని చెప్పగల ఉపాధ్యాయుని నెవరును అడుగనైన లేదు.

కావున కులబాంధవులారా! మన సంఘమునకును ఎప్పుడో యొకప్పుడు ఇట్టి పరీక్ష వచ్చును. మన పూర్వులనుగూర్చి అప్రియమగు సత్యము నొక పాఠ్యపుస్తకము చెప్పవచ్చును. అప్పుడు వినతిపత్రము వ్రాయు కలము చేతబట్టుకొని ఒక్క ప్రశ్న వేసికొందము: మనము దిద్దుమనుచున్నామా, తుడిచివేయుమనుచున్నామా? దిద్దుటకు ఆధారము చూపవలెను. శాసనమో, దస్తావేజో, విశ్వసనీయమగు గ్రంథమో చూపవలెను. తుడిచివేయుటకు జనబలము చాలును. మొదటిది విద్వాంసుల త్రోవ, రెండవది గుంపుల త్రోవ.

మూడవదగు ఆత్మనిషేధము అన్నింటికంటె ప్రమాదకరము, ఏలయన దానికి ఉత్తరువు కాగితము లేదు, తేదీ లేదు, సంతకము లేదు. 2023లో వచ్చిన కేంద్రపాఠ్యక్రమపు పదవతరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకమున జీవపరిణామభాగము తొలగింపబడినది. పిల్లల భారము తగ్గించుటకని కారణము చెప్పబడినది. 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులును, ఉపాధ్యాయులును బహిరంగలేఖపై సంతకములు చేసి ఆక్షేపించిరి. వారు పేరు పెట్టి, హేతువు చెప్పి ఆక్షేపించిరి. అది మెచ్చదగిన పద్ధతి. కాని పుస్తకములో లేదుగదా యని, పిల్లవాడడిగిన ప్రశ్నకు “అది మనకు లేదు, కూర్చుండుము” అను ఉపాధ్యాయుడు ఆ తొలగింపును రెండింతలు చేసినవాడగును. పాఠములో లేకపోవుట వేఱు, ప్రశ్నకు బదులు లేకపోవుట వేఱు.

అమెరికాదేశమున 1925లో టెనెస్సీరాష్ట్రపు డేటన్ పట్టణమున స్కోప్సు అను ఉపాధ్యాయుడు ఇదే జీవపరిణామమును బోధించెనని విచారణకు గుఱియై, నూఱు డాలర్ల జుల్మానాకు పాత్రుడయ్యెను. 1927లో పైకోర్టు సాంకేతికకారణమున ఆ శిక్షను గొట్టివేసినను, చట్టము మాత్రము 1967 వఱకు తొలగలేదు. ఆ నలువది రెండేండ్లలో ఎందఱు ఉపాధ్యాయులు మాటాడక తల వంచుకొని ఆ పుటను త్రిప్పివేసిరో లెక్క యెవరికిని దెలియదు. విచారణకు వచ్చిన వాడొక్కడు. భయమునకు లొంగినవారు లెక్కకు రారు.

నా యుద్యోగకాలమున నొకచోట జరిగినది చెప్పెదను. తెలుగువాచకములోని యొక పాఠము తమ మనస్సు నొప్పించుచున్నదనియు, దానిని చెప్పవలదనియు ఊరిపెద్దలు నలుగురు బడికి వచ్చిరి. ప్రధానోపాధ్యాయుడు వారికి కుర్చీలు వేయించి, మంచినీళ్ళిప్పించి, “పంతులుగారు ఈ గంటలో ఆ పాఠమే చెప్పుచున్నారు, దయచేసి వెనుక కూర్చుండి వినుడు. పిమ్మట మీ యభ్యంతరమును కాగితముపై వ్రాసి యిండు, పైకి పంపెదను” అనెను. వారు కూర్చుండి వినిరి. నేను పాఠమును ఎప్పటివలెనే చెప్పితిని. పిల్లలడిగిన ప్రశ్నలను వారు వినిరి. తుదిని ఒకాయన లేచి “అయ్యా, మాకు చెప్పినవారు వేఱుగా చెప్పినారు” అనెను. కాగితము రాలేదు. ఆనాడు నన్ను కాపాడినది నా పాండిత్యము కాదు, తొణకని ప్రధానోపాధ్యాయుడు.

చరిత్రనుండియు, అనుభవమునుండియు నేను గ్రహించిన ఉపాధ్యాయధర్మములను సంగ్రహముగా జెప్పెదను. ఒకటి: నోటిమాటపై పాఠమును మానరాదు, ఉత్తరువును వ్రాతమూలకముగా గోరవలెను. ప్రభుత్వపాఠశాల విషయమున 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద ఆ ఉత్తరువు ప్రతిని ఏ పౌరుడైనను అడుగవచ్చును. పెక్కు నిషేధములు సంతకము కోరగనే మాయమగును. రెండు: నిజమగు ఉత్తరువు వచ్చినచో దానిని రహస్యముగా ధిక్కరింపక, బహిరంగముగా, వినయముగా, హేతువులతో ఆక్షేపించి పైయధికారులకు నివేదింపవలెను, ఒంటరిగా గాక సంఘటితముగా చేయవలెను. మూడు: పాఠము పోయినను ప్రశ్నను పోనీయరాదు; పిల్లవానికి గ్రంథాలయపు త్రోవ చూపవలెను. నాలుగు: జరిగినదంతయు తేదీలతో వ్రాసియుంచవలెను. అయిదు: తరగతిలో తన పక్షమునే బోధింపక ఎదుటిపక్షమును గూడ న్యాయముగా వినిపింపవలెను. తనకు నచ్చని పాఠమును తాను దాచు ఉపాధ్యాయునకు ఇతరుల నిషేధమును ఎదిరించు నర్హత లేదు. తైత్తిరీయోపనిషత్తునందలి శిక్షావల్లిలో ఆచార్యుడు, తనయందలి మంచినే గైకొనుమని, మిగిలినదానిని గ్రహింపవలదని శిష్యునకు స్వాతంత్ర్య మిచ్చిపంపును. గురువునే పరీక్షింపుమను సంప్రదాయము మనది. అట్టి సంప్రదాయమున పుట్టి పుస్తకమునకు భయపడుట తగదు.

చిన్నపిల్లలకు తగని విషయములు గూడ నుండవా యని మీరడుగుదురు. ఉండును. ఏ వయస్సున నేది చెప్పవలెనని విచారించుట విద్యాశాస్త్రము. అయిదేండ్లవానికి యుద్ధపు క్రౌర్యమును వర్ణింపనక్కఱలేదు. కాని ఆ నిర్ణయము పిల్లల మేలుకై విద్యావేత్తలు బహిరంగముగా చేయునదియై యుండవలెను. పెద్దల పరువునకై చాటుగా చేయునదియై యుండరాదు. ఈ రెంటికిని గల భేదమును మఱువకుండిన చాలును.

తుదకు మన మహాసభవారికి నా విన్నపములు. మొదటిది, చేవెళ్ళయందును, మొయినాబాదునందును మన విరాళములతో అన్ని కులముల పిల్లలకును తెఱచియుంచు గ్రంథాలయము నొకదాని నేర్పఱుపుడు. 1901లో పెద్దలు చేసిన పని నేటికిని పూర్తికాలేదు. రెండవది, పాఠము చెప్పినందుకు కష్టమునకు లోనైన ఉపాధ్యాయుడు ఏ కులమువాడైనను, ఆయనకు న్యాయసహాయము చేయుటకు కొంత నిధిని ప్రత్యేకింపుడు. బ్రతుకుదెరువు పోవునను భయమే ఆత్మనిషేధమునకు మూలము. ఆ భయమును తగ్గించుట ధనవంతులకు సాధ్యము. మూడవది, ఆధారము చూపక ఏ పాఠమునుగాని, పుస్తకమునుగాని తొలగింపుమని మన సంఘము కోరదని ఈ సభలోనే తీర్మానింపుడు. ఈ మూడవది అన్నిటిలో చవుకయైనది, అన్నిటిలో కష్టమైనది.

చేవెళ్ళదారికి ఇరుప్రక్కల పందిరివేసిన మఱ్ఱిచెట్ల నీడను మనమందఱము నడచితిమి. నాటినవారు ఆ నీడ తమ కులమువారికే యని నాటలేదు. విద్యయు నట్టిదే. మన తాతల భాషకు బడిలో తావులేని రోజులలో ఇతరులు తెఱచిన తలుపులగుండ మన చదువు ముందునకు సాగినది. కావున నితరుల పాఠమునకు మన చేతులతో తలుపు వేయకుందుముగాక యని కోరుచు, మహాసభ జయప్రదముగా జరుగుగాక యని ఆశంసించుచు విరమించుచున్నాను.